సీలమన్ను

లోహిత పట్టకారుతో బిళ్ళను తట్టింది. టప్పుమంది.

రెండోదాన్ని తట్టింది. అదీ అంతే. మూడోదాన్ని తట్టకముందే తెలిసిపోయింది, అయినా తట్టింది. తడిసిన పలక మీద వేలు పడినట్టు, తలుపు వెనక ఎవరో దగ్గబోయి ఆపుకున్నట్టు, ఒక మూగ చప్పుడు.

"యాభై ఎనిమిదో బ్యాచ్. మూడూ మూగవే," అంది.

రూపశ్రీ లాగ్‌బుక్‌లో రాసుకుంది. ఆ పిల్ల లోహిత దగ్గర మూడేళ్ళుగా పరిశోధన చేస్తోంది. "కొలిచి చూసేదా మేడం, వద్దా?"

"కొలువు. చెవికి తెలిసింది కాగితం మీదికి రావాలి కదా."

బిళ్ళను తట్టి వినడం లోహిత ఏ విశ్వవిద్యాలయంలోనూ నేర్చుకున్నది కాదు. చిత్తూరు బెల్లం మండీలో ఆమె నాయన, అచ్చును వేలి కణుపుతో తట్టి, పాకం ముదిరిందో లేతగా దించారో చెప్పేవాడు. బాగా కాలిన పింగాణీకీ ఒక పలుకు ఉంటుంది. లోపల సందులుంటే నోరు మెదపదు. లోపలంతా నిండుగా ఉంటేనే మోగుతుంది. నలభై ఒకటో బ్యాచ్ బిళ్ళలు మోగాయి. ఆ మోత నాలుగు నెలలుగా లోహిత చెవిని వదలలేదు. అన్నం తింటుంటే వినిపించింది, రేణిగుంట గేటు దగ్గర బండి ఆగినప్పుడు వినిపించింది, తిరుచానూరు బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు పూలమ్మే ఆమె ఎవరో చిల్లర రాలుస్తుంటే ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది.

ఆమె నిలబడిన చోట నిలవదు. గాలి తగలకుండా బిళ్ళల్ని దాచే అద్దాల పెట్టె దగ్గరినుంచి ఫర్నేస్ దాకా పదకొండు అడుగులు, ఫర్నేస్ నుంచి కిటికీ దాకా ఏడు. ఆ పద్దెనిమిది అడుగుల్ని ఆ పూట ఎన్నిసార్లు నడిచిందో రూపశ్రీ లెక్కపెట్టడం మానేసింది.

లోహిత పనంతా ఆ బిళ్ళ. మన ఫోనులో, స్కూటరులో ఉండే బ్యాటరీలో రెండు కొనల నడుమ ఒక ద్రవం ఉంటుంది. లిథియం ఆ ద్రవంలో ఈ కొననుంచి ఆ కొనకు ఈదుతుంది. ఆ ద్రవానికే ఒక్కోసారి నిప్పంటుకుంటుంది. ద్రవాన్ని తీసేసి, ఆ చోట పల్చటి పింగాణీ బిళ్ళను పెట్టి, లిథియాన్ని రాతిలోంచి నడిపించాలి. అప్పుడు మండేదేమీ మిగలదు. వినడానికి ఒక్క వాక్యం. చేయడానికి పద్నాలుగేళ్ళు. తిరుపతిలో చదువయ్యాక బెంగుళూరులో డాక్టరేటు, జర్మనీలో రెండేళ్ళు, తర్వాత తిరుపతి అవతల కొండవాలున ఉన్న ఈ పరిశోధనాలయంలో తొమ్మిదేళ్ళు. బిళ్ళలో వెంట్రుకంత సందున్నా లిథియం అందులో వేరులా దిగి, అవతలి ఒడ్డు తాకి, బ్యాటరీని చంపేస్తుంది. సందు పోవాలంటే పదకొండు వందల డిగ్రీల పైన కాల్చాలి. కాల్చకపోతే బిళ్ళ గట్టిపడదు. కాలిస్తే లిథియం ఆవిరై ఎగిరిపోతుంది. ఈ రెండింటి మధ్య లోహిత యౌవనం గడిచిపోయింది.

"ఏమ్మా లోహితా, నీ బిళ్ళలు జ్వరానికైనా పనికొస్తాయా?" అని డైరెక్టరు జయరావు ఎదురైనప్పుడల్లా అడిగేవాడు. ఆయన మనసులో విషం లేదు. అయినా ఆ మాట ప్రతిసారీ గుచ్చుకునేది.

జులైలో నలభై ఒకటో బ్యాచ్ మోగింది. లిథియం అందులోంచి మునుపటికన్నా మూడింతలు సులువుగా నడిచింది. ఆరువందల గంటలు నడిపినా వేరు దిగలేదు. లోహిత వారం రోజుల్లో వ్యాసం రాసి పెద్ద పత్రికకు పంపింది. అక్టోబరులో జవాబొచ్చింది: ఫలితం అద్భుతం, కానీ ఒక్క బ్యాచ్ మీద నమ్మలేం. నవంబరు ముప్పైలోగా మరో బ్యాచ్‌లో ఇదే చూపండి, లేదా వ్యాసం వెనక్కి తీసుకోండి.

ఇప్పుడు నవంబరు ఇరవై ఒకటి. పదిహేడు బ్యాచ్‌లు కాల్చింది. పదిహేడూ మూగవే. పొడి మార్చింది, ఒత్తిడి మార్చింది, వేడి ఐదేసి డిగ్రీలు ఎక్కించింది, దించింది.

మిగిలిన ఆచూకీ ఒక్కటే. లాగ్‌బుక్‌లో నలభై ఒకటో బ్యాచ్ ఎదురుగా, తన సొంత చేతిరాతలో: 'క్రూసిబుల్ సీలు ఊడింది. మూత చుట్టూ మన్ను. కడిగించాను.'

ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. వరండాలో తాపీపని జరుగుతోంది. ఫర్నేస్ తలుపు తీసి చూస్తే, బిళ్ళల్ని పెట్టి కాల్చే తెల్లటి క్రూసిబుల్ మూత చుట్టూ ఎర్రగా కాలిన మన్ను గడ్డకట్టి ఉంది. కంటికి కనిపించని ధూళి కణం చేరితేనే పాడయ్యే పదార్థం చుట్టూ మన్ను! టెక్నీషియన్ దామోదరాన్ని పిలిచి, అందరి ముందూ అరిచింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇరవయ్యేళ్ళుగా ఫర్నేసుల దగ్గరే ఉన్నవాడు, తలవంచుకుని ఒక్క మాట అన్నాడు: "సీలు... మన్నమ్మా..." క్రూసిబుల్ కొత్త ప్యాకెట్టు సీలు ఊడి ఉండిందని, అందులో మన్ను చేరిందని సాకు చెబుతున్నాడనుకుంది. "సీలు సంగతి నేనడగలేదు. మాట్లాడకండి," అంది. మర్నాడే అతన్ని స్టోర్స్‌కు మార్పించింది. పారేయమన్న బిళ్ళల్ని రూపశ్రీ పారేయకుండా దాచి, పది రోజుల తర్వాత కొలిచింది కాబట్టి మోత బయటపడింది.

అప్పట్నుంచీ ఆ సీలు వెంట పడ్డారు. సీలు ఊడిన ప్యాకెట్టు వేరే సరుకై ఉండాలి. ఆ క్రూసిబుల్ వేరే పదార్థమై ఉండాలి. మూడు కంపెనీల క్రూసిబుళ్ళు తెప్పించారు. మన్నే లోపలికి చేరిందేమోనని పొడిలో చిటికెడు మన్ను కలిపి కాల్చారు. బిళ్ళలు నల్లగా మాడాయి. ఊడిన సీలున్న ప్యాకెట్టు ఏదో తెలిసిన మనిషి ఒక్కడే. అతన్ని అడగడానికి లోహితకు మొహం చెల్లలేదు.

"మేడం, దామోదరం అన్న లీవులో ఉండాడు," అంది రూపశ్రీ, ఆమె మనసు చదివినట్టు. "స్టోర్స్‌లో నిచ్చెన మీదినుంచి పడి మణికట్టు ఇరిగిందంట. ఈ పొద్దు పుత్తూరులో రెండో కట్టు."

లోహిత కిటికీ దాకా ఏడడుగులు నడిచింది. బయట ముసురు. వెనక్కి తిరిగి, కారు తాళాలు తీసుకుంది.

*

పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టే షెడ్డు కింద బెంచీలన్నీ నిండి ఉన్నాయి. కాలు చాచుకున్నవాళ్ళు, చెయ్యి వేలాడదీసుకున్నవాళ్ళు, వెదురుబద్దల మధ్య మోకాలు బిగించుకుని తమిళంలో సణుగుతున్న ఒక ముసలామె. పసరు వాసన, పచ్చిగుడ్డు వాసన, తడిగుడ్డ వాసన. గోడవారన దామోదరం, పక్కన అతని భార్య చంద్రకాంతమ్మ. అతని కుడిచెయ్యి మోచేతిదాకా కొత్త కట్టుతో తెల్లగా ఉంది.

లోహితను చూసి లేవబోయాడు.

"కూర్చోండి, కూర్చోండి. ఎలా ఉంది?"

"బాగుండాదమ్మా. మూడో కట్టుకు సరిపోతాదంట."

"సరిపోతాది, మళ్ళా నిచ్చెనెక్కకుంటే," అంది చంద్రకాంతమ్మ. ఆమె లోహితను పైనుంచి కిందికి ఒకసారి చూసి, "నువ్వేనా తల్లీ, ఈయప్పని మన్ను మనిషని ఎలేసింది?" అంది.

"ఏయ్, ఊరుకో!"

"ఊరుకోక ఏంజేస్తా. ఇరవయ్యేండ్లు పొయ్యికాడ కూసున్న మనిషిని తీసుకపొయ్యి నిచ్చెనెక్కిస్తే పడక ఏంజేస్తాడు?"

లోహిత బెంచీ చివర కూర్చుంది. కూర్చున్నదల్లా మళ్ళీ లేచింది. క్షమించమని అడగాలని వచ్చింది. కానీ నాలుగు నెలల ఆరాటం ముందుకు తోసుకుని వచ్చేసింది.

"దామోదరం గారూ, ఒక్క మాట. ఆ జులై బ్యాచ్... ఆ క్రూసిబుల్ సీలు ఎవరు తీశారు?"

దామోదరం అయోమయంగా చూశాడు. "తీసిందెవరమ్మా, మీరే గదా కడిగించింది."

"అది కాదు. ముందు. ప్యాకెట్టు సీలు. అది మీకు వచ్చేసరికే ఊడి ఉందన్నారు కదా?"

"సీల ఊడేదేందమ్మా? ఊడితే ఇంకేముంది, బిళ్ళ పాడైపోవును గదా! నేనే గట్టిగా సుట్టినా."

"చుట్టడమేమిటి?"

"ఏడు సుట్లు సుట్టినా. ఏడు దినాలు."

"సీలు ఎవరైనా చుడతారా?"

"సీల సుట్టక ఏం జేస్తారమ్మా!"

పక్కన వెదురుబద్దల ముసలామె ఈ ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. చంద్రకాంతమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "తల్లీ, నువ్వేదో ఒగటి అడగతా ఉండావు, ఈయప్పేదో ఒగటి సెప్తా ఉండాడు. సీలు గాదమ్మా. సీల! సీలమన్ను!"

లోహిత బెంచీ మీద కూర్చుంది. ఈసారి లేవలేదు.

దామోదరం ఎడమచేతి వేళ్ళతో కుడిచేతి కట్టును తాకి చూపించాడు. "ఇదిగో, ఇట్టాంటిదేనమ్మా. ఈడ గుడ్డ, పసరు. ఆడ గుడ్డ, మన్ను. సీలంటే గుడ్డే. పాత పంచెగుడ్డ చించి, పుట్టమన్ను మెత్తగా పిసికి గుడ్డకు పట్టించి, మూతకీ మూసకీ, అదే మన క్రూసిబుల్‌కీ, మధ్యన సందుకు సుట్టాల. అది నీడన ఆరినాక రెండోది. అట్ట ఏడు. మా తాత కార్వేటినగరంలో వైద్యం చేసేటోడు. భస్మాలు కాల్చేటప్పుడు ఇట్టనే చేసేటోడు. మూస నోరు మూయకుంటే పాదరసం ఎగిరిపోతాది గదా."

"ఎగిరిపోతుంది," అంది లోహిత మెల్లగా.

"మన లిథియమూ అంతేగా. నేను ప్రతిసారీ కాల్చకముందు తూకం, కాల్చినాక తూకం రాస్తా ఉంటి. ప్రతిసారీ తగ్గతానే ఉండె. ఫర్నేస్ గోడకు తెల్లగా బూజు మాదిరి పట్టతా ఉండె. మూత పెట్టినా ఆవిరి యాడనో సందు సూసుకుంటా ఉండాదని తెలిసె. మీకు సెప్పినా కూడా. 'అమ్మా, మూత సందు మూస్తే యెట్టుంటాది' అంటే, 'ప్రొటోకాల్ ప్రకారం చెయ్యండి' అన్నారు." అతను ఆగాడు. నింద వేస్తున్నట్టు కాదు, జరిగింది జరిగినట్టు చెప్పినట్టే. "చేసి సూపించి సెబుదామనుకున్నా. చేసినా. సెప్పేలోపల..."

మిగిలిన మాట అతను పూర్తి చేయలేదు. చేయనక్కర్లేకపోయింది.

లోహిత కళ్ళముందు లాగ్‌బుక్‌లోని ఆ వాక్యం నిలబడింది. అతను చెప్పిన మాటలో సగాన్ని తాను ఇంగ్లీషు చేసుకుంది. మిగిలిన సగాన్ని మురికి చేసుకుంది. జర్మనీలో రెండేళ్ళుండి వాళ్ళ మాట పొల్లుపోకుండా రాసుకున్న చెవి, కార్వేటినగరం మాటను నాలుగు అక్షరాల దూరం కూడా వినలేకపోయింది.

"తప్పు చేసినాను," అంది. చిత్తూరు యాస ఆమె నోట ఎన్నాళ్ళకో పలికింది. "అందరి ముందరా అరిచినాను. అందరి ముందరే అడగతాను, మన్నించండి."

"అయ్యో, అట్టంటారేందమ్మా."

"అననీ," అంది చంద్రకాంతమ్మ. "నిచ్చెన మీదికి మటుకు మళ్ళా పంపబాకు తల్లీ."

*

ఆ సాయంత్రమే మొదలుపెట్టారు. దామోదరం వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కట్టు మెడలో వేలాడుతోంది. చేతులు లోహితవి, మాటలు అతనివి. మన్ను అతనే తెప్పించాడు. పుట్టమన్ను, రాయి లేకుండా జల్లించింది. లోహిత మోచేతిదాకా మన్ను పూసుకుంది. తొమ్మిదేళ్ళుగా తెల్ల చేతితొడుగులు లేకుండా క్రూసిబుల్ ముట్టని మనిషి.

"అట్ట గాదమ్మా. బొటనవేలితో నొక్కాల. గుడ్డలో గాలి నిలవగూడదు."

"ఇలా?"

"ఆ. పసిబిడ్డకు బొడ్డుగుడ్డ కట్టినట్ట. బిగువుండాల, నొప్పుండగూడదు."

రూపశ్రీ ప్రతి మాటా రాసుకుంటోంది. గుడ్డ వెడల్పు, మన్ను బరువు, నీళ్ళ కొలత. లోహిత మనసులో లెక్క నడుస్తోంది. ఏడు పొరలు, ఏడు రోజులు: ఇరవై ఏడు. కాల్చడం ఇరవై ఎనిమిది. చల్లారడం ఇరవై తొమ్మిది. తెరవడం, కొలవడం ముప్పై. ఒక్క పూట కూడా మిగలని లెక్క. ఒక్క పూట కూడా తప్పకూడని లెక్క.

మొదటి పొర ఇరవై ఒకటిన, రెండోది ఇరవై రెండున. ముసురు తగ్గలేదు. ఈశాన్యపు గాలి తేమను వరండాలోకి మోసుకొచ్చి, ఆరిందనుకున్న మన్నును మళ్ళీ మెత్తబరిచేది. లోహిత గంటకోసారి వెళ్ళి వేలితో తాకి చూసేది. తాకిన చోట వేలిముద్ర పడేది. ఆమె వెళ్ళాక దామోదరం ఆ ముద్రను ఎడమచేత్తో చెరిపేవాడు.

"ఆరిందా?"

"ఆరతా ఉండాదమ్మా."

"ఇంకా ఎంతసేపు?"

"ఎంతసేపంటే యెట్ట సెప్పేది? అది ఆరినంతసేపు."

మూడోరోజు మూడో పొర చుట్టారు. మధ్యాహ్నానికి అది ఆరలేదు. సాయంత్రానికి ఆరేలా లేదు. ఒక్క రోజు జారితే గడువు జారుతుంది. దామోదరం భోజనానికి వెళ్ళాడు. లోహిత వరండాలో ఒంటరిగా నిలబడి, ఆ ఎర్రటి ముద్దను చూసింది. లోపల గదిలో ఎండబెట్టే ఓవెన్ ఉంది. యాభై డిగ్రీలు చాలు. ఎండాకాలం తిరుపతి ఎండ అంతకన్నా పెద్ద తక్కువేం కాదు. ఒక్క గంట.

గంట తర్వాత ఓవెన్ తలుపు తీస్తే, మన్ను ఎండింది. పైనుంచి కిందిదాకా ఒక పగులు, చక్కగా, గీత గీసినట్టు. ఆ పగులు రెండో పొరను దాటి, మొదటి పొరను దాటి, మూత అంచుదాకా దిగింది. పద్నాలుగేళ్ళుగా ఆమె బిళ్ళల్లో చూస్తూ వచ్చిన పగులే అది.

దామోదరం వచ్చి, ఓవెన్‌నూ, ఆమెనూ, పగులునూ వరసగా చూశాడు. పగులు అంచును ఎడమచేతి వేలితో తడిమాడు. తర్వాత, గొంతు ఎత్తకుండా, ఇంట్లో కూతురితో అన్నట్టు అన్నాడు:

"ఉడికేదాకా ఉన్నోళ్ళం, ఆరేదాకా ఉండలేమామ్మా?"

రూపశ్రీ మొహం పక్కకు తిప్పుకుంది, నవ్వు కనపడకుండా. లోహితకు నవ్వు రాలేదు. కోపమూ రాలేదు. నాలుగు నెలల క్రితం ఆమెకు రావలసిన ఓర్పు ఇప్పుడు, ఆలస్యంగా, ఆ పగులు దారిన లోపలికి దిగుతున్నట్టనిపించింది.

"నాలుగు పొరలతో కాల్చేస్తే?" అని మాత్రం అడిగింది.

"కాల్చొచ్చు. యెట్ట వస్తాదో నాకు తెలీదు. అప్పుడు ఏడు సుట్టినా."

మళ్ళీ చేయడమంటే అదే చేయడం. నాలుగు పొరల బిళ్ళ మోగినా, అది నలభై ఒకటో బ్యాచ్‌కు సాక్ష్యం చెప్పదు. లోహిత పగిలిన మన్నును గీకి, క్రూసిబుల్ కడిగి, బయట పెట్టింది. కొత్త పొడి, కొత్త బిళ్ళలు, కొత్త గుడ్డ. మళ్ళీ మొదటి పొర. ఈసారి లెక్క డిసెంబరు రెండుకు చేరింది.

*

నవంబరు ముప్పై వచ్చింది. ఏడో పొర నిన్నే ఆరింది. క్రూసిబుల్ ఇప్పుడే ఫర్నేస్‌లోకి వెళ్ళింది. దాని ఎర్రటి అంకెలు మెల్లగా ఎక్కుతున్నాయి: మూడువందలు, మూడువందల పది.

లోహిత అద్దాల పెట్టె ముందు నిలబడింది. అందులో, చిన్న సీసాలో, నలభై ఒకటో బ్యాచ్ మూడో బిళ్ళ ఉంది. మొదటి రెండింటినీ కొలతలకు వాడేశారు. ఈ మూడోదాన్ని ఎవరూ ముట్టలేదు. దాని కొలతలు ఏ వ్యాసంలోనూ లేవు. దీన్ని ఇప్పుడు కొలిచి, 'రెండో బ్యాచ్' అని ఒక్క మాట రాస్తే చాలు. అబద్ధం కూడా ఎక్కువ కాలం బతకదు. రెండు రోజుల్లో అసలు రెండో బ్యాచ్ వస్తుంది, ఇదే మోత మోగుతుంది, అప్పుడు ఈ మాట నిజమైపోతుంది. రెండు రోజుల అబద్ధం. పద్నాలుగేళ్ళ ముందు అదెంత?

పెట్టెకు అమర్చిన రబ్బరు తొడుగుల్లో చేతులు పెట్టి, సీసా మూత తీసింది. బిళ్ళను పట్టకారుతో ఎత్తి తట్టింది. అద్దం వెనకనుంచి కూడా వినిపించింది: ఖంగుమని, సన్నగా, సాగుతూ.

తలుపు దగ్గర జయరావు గొంతు. "ఏమ్మా లోహితా, ఈ రోజే కదా గడువు? ఏమంటున్నాయి నీ బిళ్ళలు?"

"మాట్లాడుతున్నాయి సార్."

"హమ్మయ్య. మరి పంపించెయ్యి. అన్నట్టు, ఆ మన్ను సంగతి రాయొద్దమ్మా. 'గాలి చొరకుండా మూసిన క్రూసిబుల్' అని రాస్తే సరిపోతుంది. పుట్టమన్ను, పంచెగుడ్డ అని రాస్తే నవ్వుతారు. ఇంత పెద్ద పత్రిక."

"నవ్వితే నవ్వనీండి సార్. మనం నవ్వలేదా?"

జయరావుకు ఆ మాట అర్థం కాలేదు. తల ఊపి వెళ్ళిపోయాడు.

లోహిత బిళ్ళను సీసాలో పెట్టింది. మూత బిగించింది. సీసా మీద రాసి ఉన్న '41' అంకెను ఒకసారి చూసింది. తర్వాత కుర్చీలో కూర్చుని, ఇన్ని నెలల్లో మొదటిసారి కుదురుగా, పత్రికకు ఉత్తరం రాసింది.

వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఫలితం తప్పు కావడం వల్ల కాదు. పద్ధతి తప్పుగా రాసినందువల్ల. 'మూతపెట్టి కాల్చాము' అని రాశాను. అది నిజం కాదు. మూతను మూసిన విధానాన్ని నేను చూసి కూడా చూడలేదు. దాన్ని కనిపెట్టి చేసినవారు మా టెక్నీషియన్ దామోదరం గారు. ఆయన పేరు వ్యాసంలో లేదు. మళ్ళీ చేసి, మళ్ళీ రాసి, ఆయన పేరుతో పంపుతాము. అప్పుడు మీకు ఇష్టమైతే చదవండి.

చదువుకుంటే చిన్నగా ఉంది. పంపే ముందు చెయ్యి ఆగింది. ఈ పంక్తుల అవతల ఏముందో ఆమెకు తెలుసు: వచ్చే ఏడాది నిధుల కమిటీ ముందు ఖాళీ చేతులు, జయరావు నిట్టూర్పు, జర్మనీ మిత్రుల మర్యాదైన మౌనం. ఎవరో మరో దేశంలో, మరో మూతతో, ముందే చేసేయొచ్చు. ఆమె లేచింది. కిటికీ దాకా ఏడడుగులు. వెనక్కి ఏడడుగులు. వచ్చి, నిలబడే, పంపేసింది.

ఫర్నేస్ అంకె ఎనిమిదివందలు దాటింది.

*

డిసెంబరు రెండు. ముసురు విడిచి, వరండాలోకి పల్చటి ఎండ వచ్చింది. ఇటుకలా కాలిన క్రూసిబుల్‌ను మధ్యలో పెట్టి ముగ్గురూ కూర్చున్నారు. దామోదరం ఎడమచేత్తో చిన్న సుత్తి పట్టుకుని, మన్ను పెంకును పక్కపక్కన తడుతూ, గుడ్డు ఒలిచినట్టు ఒలిచాడు. పెంకు కింద మూత తెల్లగా బయటపడింది. అంచున ఎక్కడా బూజు లేదు.

"తూకం వెయ్యి పాపా," అన్నాడు రూపశ్రీతో.

రూపశ్రీ తూచింది. కాల్చకముందు అంకె చూసింది, కాల్చినాక అంకె చూసింది. మళ్ళీ తూచింది. "పోలేదన్నా. ఏమీ పోలేదు."

లోహిత పట్టకారు తీసుకుంది. మొదటి బిళ్ళను తట్టింది.

ఖంగుమంది.

కొండవాలున ఎక్కడో ఒక పిట్ట కూడా ఆ క్షణాన అరవడం మానింది. లేదా లోహిత చెవికి అది వినిపించడం మానింది. రెండో బిళ్ళను తట్టింది. అదీ మోగింది, మొదటిదానికన్నా కాస్త పైస్థాయిలో. రూపశ్రీ చప్పట్లు కొట్టబోయి, లాగ్‌బుక్ ఒళ్ళోంచి జారితే పట్టుకుంది.

మూడోదాన్ని తట్టింది.

టప్పుమంది.

లోహిత మళ్ళీ తట్టింది. మళ్ళీ టప్.

"రెండు పలికినాయి," అన్నాడు దామోదరం. "ఒగటి అలిగింది."

లోహిత ఆ అలిగిన బిళ్ళను ఎండకెత్తి తిప్పి తిప్పి చూస్తోంది. ఇది మూసలో ఎక్కడ కూర్చుంది? అడుగునా, అంచునా? అంచునైతే మన్ను నుంచి ఏదైనా దీని దాకా వచ్చిందా? మూతకు దగ్గరగా ఉంటే వేడి తేడానా? మూసినందువల్ల ఆ రెండూ మోగాయా, లేక మన్నులో ఉన్నదేదో సన్నగా లోపలికి చేరి సాయం చేసిందా? ఆమె పాదం అప్పుడే నేలను తడుతోంది, అద్దాల పెట్టె దాకా పదకొండు అడుగులు లెక్కపెడుతున్నట్టు.

"రూపా, లాగ్‌బుక్ ఇలా ఇవ్వు."

నలభై ఒకటో బ్యాచ్ పేజీ తీసింది. 'సీలు ఊడింది' అన్న మాటల మీద అడ్డంగా ఒక గీత గీసింది. కింది రాత కనిపించేలాగే గీసింది. పక్కన రాయబోయి ఆగింది.

"దామోదరం గారూ, ఇది సీలమన్నా, శీలమన్నా? ఎలా రాయాలి?"

"మా తాత సీల అనేటోడమ్మా. పుస్తకాల్లో యెట్టుంటాదో నాకు తెలీదు."

ఆమె అతను పలికినట్టే రాసింది. కింద అతని పేరు రాసింది. తేదీ వేసింది. పుస్తకం మూసి, మూగబిళ్ళను మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"దామోదరం గారూ, ఈసారి మూడో బిళ్ళను నడుమ పెట్టి..."

"తెలుసమ్మా," అన్నాడతను, కట్టు సర్దుకుంటూ. "పొద్దున్నే మన్ను నానేసినా. ఆరేదాకా ఉండేటట్టయితే సెప్పండి, మొదలుపెడదాం."